ఇంట్ అని రాశాం, బ్రౌజర్‌కి వెళ్లాక అది ఏమైంది?

(డెవలపర్ల సమావేశంలో ఇచ్చిన ప్రసంగానికి అక్షర రూపం. చివర్లో అడిగిన ప్రశ్నలు కూడా ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. ల్యాప్‌టాప్ తెచ్చుకున్నవాళ్లు ఒకసారి తెరవండి. బ్రౌజర్‌లో కన్సోల్, అంటే జావాస్క్రిప్ట్ నేరుగా రాసి నడిపే చోటు, తెరిచి ఈ అంకె కొట్టండి: 1234567890123456789. ఎంటర్ నొక్కండి. ఏం వచ్చిందో చూశారా? 1234567890123456800. చివర 789 ఉండాల్సిన చోట 800 ఉంది. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. మీరు ఇచ్చింది ఒక అంకె, అది దాచుకున్నది ఇంకో అంకె.

ఇదే తేడా వల్ల కొన్నేళ్ల కిందట నేను, నా టీమ్‌లో ఇంకో ముగ్గురం రెండు రోజులు నిద్ర లేకుండా గడిపాం. మాది ఆర్డర్లు చూసుకునే యాప్. కస్టమర్లకు ఫోన్‌లో, ఆఫీసు సిబ్బందికి బ్రౌజర్‌లో. రెండింటికీ ఒకే కోడ్, యాప్‌లు తయారుచేసే ఫ్లట్టర్‌తో, డార్ట్ అనే భాషలో రాసింది. ఫోన్‌లో ఏ ఆర్డర్ తెరిచినా తెరుచుకుంటోంది. సిబ్బంది బ్రౌజర్‌లో అదే ఆర్డర్ నొక్కితే "ఆర్డర్ దొరకలేదు" అంటోంది. సర్వర్ వాళ్లు తమ వైపు అంతా బాగానే ఉందన్నారు, నిజంగానే బాగుంది. నెట్‌వర్క్ చూశాం, క్యాష్ చూశాం, లాగిన్ టోకెన్లు చూశాం. చివరికి దాన్ని పట్టుకుంది మాలో ఎవరూ కాదు. కస్టమర్లతో ఫోన్‌లో మాట్లాడే ఒక అమ్మాయి మా దగ్గరికొచ్చి అడిగింది: "వెబ్‌లో కనిపించే నంబర్లన్నీ చివర రెండు సున్నాలతోనే ఉన్నాయేంటండీ? కస్టమర్లు చదివి చెప్పే నంబర్లు అలా ఉండట్లేదు." రోజంతా అంకెలు చదివి వినిపించే మనిషి కాబట్టి ఆమెకు కనిపించింది. మేం కోడ్ చూస్తున్నాం, ఆమె అంకెలు చూసింది.

మా కోడ్‌లో ఆ నంబర్ ఇంట్, అంటే పూర్ణాంకాలు దాచే టైపు. డార్ట్‌లో ఇంట్ అంటే 64 బిట్లు. డార్ట్ 2 నుంచి, అంటే 2018 నుంచి అంతే. ఫోన్‌లో ఆ మాట నిజం. అదే కోడ్‌ను బ్రౌజర్ నడిపే జావాస్క్రిప్ట్ భాషలోకి మారిస్తే, అంటే కంపైల్ చేస్తే, ఆ మాట నిలబడదు. నేను ఈరోజు చెప్పదలచుకున్నది ఇదొక్కటే: మనం రాసే టైపు పేరు ఒక మాట ఇవ్వడం లాంటిది. ఆ మాటను నిలబెట్టేది మెషిన్. కింద ఉన్న మెషిన్ మారితే, ఆ మాటను కంపైలర్ ఎంతవరకు మోసుకెళ్లిందో మనం తెలుసుకుని తీరాలి. ఒక్కో భాషా ఒక్కో చోట ఆగిపోయింది.

ముందు కింద ఉన్నదేమిటో చూద్దాం. 1995లో నెట్‌స్కేప్‌లో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో తొలి రూపం తయారుచేసిన భాష జావాస్క్రిప్ట్. అందులో అంకెలకు మొదట ఉన్నది ఒకే టైపు, నంబర్. అది మిగతా భాషల్లో మనం డబుల్ అని పిలిచేదే, దశాంశాలు కూడా పట్టే టైపు. మొత్తం 64 బిట్లు: ఒకటి ప్లస్సా మైనస్సా చెప్పడానికి, 11 ఎంత పెద్దదో చెప్పడానికి, 52 అసలు అంకెలకు. ముందు ఒక 1 రాయకుండానే ఉన్నట్టు లెక్క, కాబట్టి ఖచ్చితత్వం 53 బిట్లు.

దీన్ని ఒక కొలత టేపులా ఊహించుకోండి. సున్నా దగ్గర గీతలు చాలా దగ్గరదగ్గరగా ఉంటాయి. దూరం వెళ్లేకొద్దీ గీతల మధ్య ఎడం రెట్టింపవుతూ పోతుంది. 2 పవర్ 53 వరకు ప్రతి పూర్ణాంకం మీదా గీత ఉంటుంది. అది దాటగానే సరిసంఖ్యల మీదే గీతలు. ఇంకొంచెం పోతే నాలుగుకొకటి, తర్వాత ఎనిమిదికొకటి. ఇందాక మీరు కొట్టిన అంకె ఉన్నచోట గీతకీ గీతకీ మధ్య ఎడం 256. అంటే పక్కపక్కనే ఉన్న 256 ఆర్డర్లు ఒకే గీత మీదికి వచ్చి కూర్చుంటాయి. అచ్చు వేసేటప్పుడు ఎక్కువలో ఎక్కువ 17 అంకెలే రాసి, మిగతా చోట్ల సున్నాలు పెడుతుంది. ఆ అమ్మాయికి కనిపించిన రెండు సున్నాలు అవే.

ఈ 2 పవర్ 53 ఎంత పెద్దది? మన లెక్కలో దాదాపు 9,007 లక్షల కోట్లు. 2025-26 కేంద్ర బడ్జెట్ మొత్తం ఖర్చు అంచనా 50 లక్షల 65 వేల కోట్ల రూపాయలు. దాన్ని పైసల్లోకి మార్చినా సుమారు 5,065 లక్షల కోట్లే. అంటే దేశ బడ్జెట్‌ను పైసా పైసా లెక్కపెట్టినా ఈ హద్దులోనే ఉంటాం. అందుకే డబ్బు లెక్కలు పైసల్లో పూర్ణాంకాలుగా పెట్టుకుంటే వెబ్‌లో ఏ ఇబ్బందీ రాదని ధైర్యంగా చెప్తాను. రూపాయల్లో దశాంశాలుగా పెట్టుకుంటే మాత్రం 0.1 కి 0.2 కలిపినప్పుడు 0.30000000000000004 వస్తుంది. దానికి జావాస్క్రిప్ట్‌ను తిట్టకండి, జావాలో డబుల్ వాడినా అదే వస్తుంది.

దెబ్బ తగిలేది మూడు చోట్ల. సర్వర్లు తయారుచేసే 64 బిట్ల ఐడీలు, నానోసెకన్లలో టైమ్, హ్యాష్ లెక్కలు, అంటే డేటాను ఒక అంకెగా కుదించే లెక్కలు. ఐడీల సంగతి ట్విట్టర్‌కు 2010లోనే ఎదురైంది. స్నోఫ్లేక్ అనే పద్ధతిలో 64 బిట్ల ఐడీలు మొదలుపెట్టినప్పుడు, ప్రతి ట్వీట్‌కూ ఐడీని అంకెగా ఒకసారి, స్ట్రింగ్‌గా, అంటే అక్షరాల వరుసగా, ఇంకోసారి పంపడం మొదలుపెట్టారు. బ్రౌజర్‌లో అంకె చెడిపోతుందని వాళ్లకు ముందే తెలుసు. మాకు తెలియదు.

ఇప్పుడు కంపైలర్ల దగ్గరికి వద్దాం. నాకు బాగా ఇష్టమైన భాగం ఇది.

జావాస్క్రిప్ట్‌లో 32 బిట్ల పూర్ణాంకం అసలు లేదా అంటే, ఒక మూల ఉంది. బిట్ల మీద పనిచేసే గుర్తులు, అంటే అండ్, ఆర్, షిఫ్ట్ లాంటివి, తమ చేతికి వచ్చిన అంకెను ముందు 32 బిట్లకు కత్తిరిస్తాయి. కాబట్టి ఏ అంకెనైనా సున్నాతో ఆర్ చేస్తే, అంటే పక్కన "| 0" అని రాస్తే, ఆ కత్తిరింపు తప్ప వేరే మార్పు లేకుండా 32 బిట్ల ఇంట్‌గా బయటికొస్తుంది. 2147483647 కు 1 కలిపితే మామూలుగా 2147483648 వస్తుంది. పక్కన "| 0" పెడితే -2147483648 వస్తుంది, జావాలో వచ్చినట్టే. కోట్లిన్, స్కాలా, ప్యూర్‌స్క్రిప్ట్ అనే భాషల్లో దేని కంపైలర్ వదిలిన జావాస్క్రిప్ట్ తెరిచి చూసినా వరుసలవరుసలుగా "| 0" లు కనిపిస్తాయి. కొత్తవాళ్లు అదేదో చెత్త అనుకుంటారు. ఇంట్ అనే మాటను నిలబెడుతున్నవి అవే. 2013లో మొజిల్లా తెచ్చిన ఏఎస్ఎం.జేఎస్, అంటే వేగం కోసం కుదించిన జావాస్క్రిప్ట్, మొత్తం ఈ ఎత్తు మీదే నిలబడింది. "| 0" ఉంటే ఇంట్, ముందు ప్లస్ ఉంటే డబుల్ అని బ్రౌజర్‌లో జావాస్క్రిప్ట్‌ను నడిపే ఇంజన్‌కు సైగ చేయడం. ఇంజన్ కూడా ఆ సైగ చూసి వేగంగా నడిపేది.

కూడికకు ఈ ఎత్తు చాలు. రెండు 32 బిట్ల అంకెలు కలిపితే 33 బిట్లు దాటదు, డబుల్‌లో హాయిగా పడుతుంది, తర్వాత కత్తిరించొచ్చు. గుణకారం దగ్గర మోసం జరుగుతుంది. ఇది మీ కన్సోల్‌లోనే చేసి చూడండి. 123456789 ని 987654321 తో గుణించండి. కాగితం మీద అసలు జవాబు 121932631112635269. బ్రౌజర్ చూపించేది 121932631112635260. ఇప్పుడు దానికి "| 0" పెట్టండి. -67153024 వస్తుంది. అదే గుణకారం జావాలో రెండు ఇంట్‌లతో చేస్తే -67153019. తేడా ఐదే. కానీ హ్యాష్‌కి ఐదు తేడా అయినా ఐదు కోట్ల తేడా అయినా ఒకటే, తప్పు తప్పే.

ఎందుకలా అయిందంటే, 32 బిట్లకు కత్తిరించేటప్పుడు మనకు కావాల్సింది కుడివైపు చివర ఉన్న అంకెలు. డబుల్‌లో చోటు చాలనప్పుడు అది పారేసేదీ సరిగ్గా ఆ చివరి అంకెలనే. మనం కత్తిరించే లోపే అవి పోయాయి. అందుకే జావాస్క్రిప్ట్ 2015 స్టాండర్డ్‌లో మ్యాథ్.ఇముల్ అనే ఫంక్షన్ చేర్చారు. రెండు 32 బిట్ల అంకెలను గుణించి, కింది 32 బిట్లను ఖచ్చితంగా ఇవ్వడం ఒక్కటే దాని పని. ఆ రెండు అంకెలూ దానికి ఇచ్చి చూడండి, -67153019 వస్తుంది. మంచి కంపైలర్ ఇంట్ గుణకారం కనిపించిన చోటల్లా దాన్నే పిలుస్తుంది. మీరు జావా నుంచి ఒక హ్యాష్ ఫంక్షన్‌ను చేత్తో జావాస్క్రిప్ట్‌లోకి రాసుకుంటుంటే మాత్రం మీరే పిలవాలి.

లాంగ్ అనే 64 బిట్ల పూర్ణాంకం సంగతి వేరు. దానికి ఏ మూలా దొరకలేదు. అందుకని కంపైలర్లు చిన్నప్పుడు మన పంతులుగారు నేర్పిన లెక్కే చేస్తాయి. కోట్లిన్ లాంగ్‌ను రెండు 32 బిట్ల ముక్కలుగా దాచడం అలవాటు. కింది ముక్కలు కలుపు, హద్దు దాటితే ఒకటి చేతిలో పెట్టుకో, పై ముక్కలకు కలుపు. స్లేటు మీద చేసిన కూడికే, కాకపోతే పది బదులు 2 పవర్ 32 దగ్గర చేతిలోకి వస్తుంది. జావాను జావాస్క్రిప్ట్‌గా మార్చడానికి గూగుల్ 2006లో విడుదల చేసిన జీడబ్ల్యూటీ వాళ్లు ఇంకో దారి ఎంచుకున్నారు. లాంగ్‌ను 22, 22, 20 బిట్ల మూడు ముక్కలు చేశారు. ఈ 22 ఏమిటా అని నేను మొదటిసారి ఆ కోడ్ చూసినప్పుడు చాలాసేపు ఆలోచించాను. ముక్కలు అంత చిన్నవి. కాబట్టి మధ్యలో వచ్చే లెక్క ఏదీ 53 బిట్లు దాటదు. డబుల్ ఎక్కడ అబద్ధం చెప్పడం మొదలుపెడుతుందో కొలుచుకుని, దానికి లోపల ఇల్లు కట్టుకున్నారు. ఎంత శ్రద్ధగా ఆలోచించారో చూడండి.

ఈ శ్రద్ధకు ఖరీదు ఉంది. ప్రతి లాంగ్ కూడికకూ ఒక ఆబ్జెక్ట్ పుట్టొచ్చు, గుణకారానికి పదుల లెక్కలు, భాగహారానికి ఇంకా ఎక్కువ. డార్ట్ వాళ్లు ఆ ఖరీదు వద్దనుకున్నారు. వెబ్‌లో డార్ట్ ఇంట్ అంటే జావాస్క్రిప్ట్ నంబరే. 2 పవర్ 53 వరకు సరిగ్గా పనిచేస్తుంది, వేగంగా ఉంటుంది, దాటితే గీతలు ఎడమవుతాయి. బిట్ లెక్కలు 32 బిట్లకే. ఫోన్‌లో ఒకటిని 32 స్థానాలు ఎడమకు జరిపితే 4294967296 వస్తుంది, వెబ్‌లో సున్నా. యూజర్ల అనుమతులను ఒక్కో బిట్‌గా దాచే అలవాటు ఉన్నవాళ్లు ఇది రాసిపెట్టుకోండి, 33వ అనుమతి వెబ్‌లో మాయమైపోతుంది. ఒక మంచి పని చేశారు: కోడ్‌లోనే అంత పెద్ద అంకె రాస్తే, జావాస్క్రిప్ట్‌లో ఇది సరిగ్గా పట్టదు అని కంపైలర్ ఒప్పుకోదు. మా అంకెలు సర్వర్ నుంచి వచ్చాయి కాబట్టి అది మమ్మల్ని కాపాడలేకపోయింది.

డార్ట్ వాళ్లు చేసింది తప్పు అని నేను అనను. ఎక్కువ యాప్‌లలో ఇంట్ అంటే లిస్ట్‌లో ఎన్నోది, ఎన్ని వస్తువులు, స్క్రీన్ మీద ఎన్ని పిక్సెళ్లు, అంతే. వాటికోసం ప్రతి కూడికనూ నెమ్మది చేయడం అన్యాయం. అయితే ఆ నిర్ణయం మన తరఫున ఎవరో తీసుకున్నారని మనకు తెలిసి ఉండాలి.

ఇంకో వైపు నుంచి వచ్చే దెబ్బ చెప్తాను, ఇది చాలామందికి తెలియదు. వెబ్‌లో 1 కీ 1.0 కీ తేడా లేదు, రెండూ ఒకే విలువ. అందుకని డార్ట్ వెబ్‌లో "1.0 ఇంటా?" అని అడిగితే అవునంటుంది, "1 డబులా?" అన్నా అవునంటుంది. 2.0 ను ప్రింట్ చేస్తే ఫోన్‌లో 2.0, వెబ్‌లో 2. కోట్లిన్‌లోనూ, స్కాలాలోనూ టైపు తెలియని చోట ఇలా అడిగితే జావాస్క్రిప్ట్ మీద ఇదే పరిస్థితి, లాంగ్ ఒక్కటే వేరుగా కనిపిస్తుంది.

ఇది బ్రౌజర్‌లో బాగుండి ఫోన్‌లో పగిలే బగ్గును పుట్టిస్తుంది. సర్వర్ నుంచి జేసన్‌లో, అంటే డేటా పంపే టెక్స్ట్ రూపంలో, ధర వస్తుంది. 99.5 వస్తే డబుల్. 100 వస్తే, దశాంశం లేదు కాబట్టి ఫోన్‌లో అది ఇంట్. కోడ్‌లో "దీన్ని డబుల్‌గా తీసుకో" అని నేరుగా రాశామనుకోండి. వెబ్‌లో టెస్ట్ చేసినన్ని రోజులూ ఏమీ కాదు, అక్కడ ఇంట్ కూడా డబులే. ఫోన్‌లో సరిగ్గా వంద రూపాయల వస్తువు దగ్గరికి రాగానే యాప్ ఎర్ర స్క్రీన్ చూపిస్తుంది. ముందు నమ్ అనే ఉమ్మడి టైపుగా తీసుకుని, అక్కడినుంచి డబుల్‌గా మార్చుకుంటే రెండు చోట్లా నడుస్తుంది. జేసన్ చదివే ప్రతి చోటా ఇలాగే రాయండి.

కొన్ని చిన్నవి గబగబా చెప్పేస్తాను. పూర్ణాంకాన్ని సున్నాతో భాగిస్తే జావాలో ఎక్సెప్షన్. జావాస్క్రిప్ట్‌లో అనంతం వస్తుంది, దానికి "| 0" పెడితే సున్నా అయిపోతుంది. స్కాలా.జేఎస్ ముందే తనిఖీ పెట్టి ఎక్సెప్షన్ విసురుతుంది, ఎల్మ్ అనే భాష సున్నా ఇస్తుంది. ఎల్మ్‌లో పూర్ణాంక భాగహారం కూడా "| 0" తోనే జరుగుతుంది కాబట్టి 300 కోట్లను ఒకటితో భాగిస్తే -1294967296 వస్తుంది. శేషం గుర్తు సంగతీ చూసుకోండి. -7 ను 5 తో భాగిస్తే శేషం డార్ట్‌లో 3, జావాస్క్రిప్ట్‌లో -2. దీన్ని కంపైలర్ తనే సర్దుకుంటుంది, మనం చేత్తో రాస్తేనే గొడవ.

32 బిట్ల ఫ్లోట్ గురించి ఒక్క అందమైన విషయం చెప్పకుండా ఉండలేను. జావాస్క్రిప్ట్‌లో ఫ్లోట్ లేదు. మ్యాథ్.ఫ్రౌండ్ అనే ఫంక్షన్ ఉంది, డబుల్‌ను దగ్గరి ఫ్లోట్‌కు సర్దుతుంది. 0.1 ఇస్తే 0.10000000149011612 వస్తుంది. మరి డబుల్‌లో లెక్క చేసి తర్వాత సర్దితే, రెండుసార్లు సర్దడం వల్ల తేడా రాదా? కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం, వర్గమూలం, ఈ ఐదింటికీ రాదు. ఫ్లోట్ ఖచ్చితత్వం 24 బిట్లు. దానికి రెట్టింపు 48, ఇంకో రెండు కలిపితే 50. డబుల్‌కు 53 ఉన్నాయి. ఆ 50 దాటి ఉంటే చాలని గణితంలో రుజువు చేశారు. ప్రతి మెట్టులోనూ ఫ్రౌండ్ పెడితే బిట్ బిట్‌కూ ఫ్లోట్ మెషిన్ ఇచ్చిన జవాబే వస్తుంది. పెట్టకపోతే జవాబు అసలు ఫ్లోట్ కన్నా ఖచ్చితంగా వస్తుంది, కానీ ఫోన్‌లో వచ్చినదానితో కలవదు. గేమ్‌లు రాసేవాళ్లకు ఈ కలవడమే కదా ప్రాణం.

ప్రశ్నలుంటే అడగండి.

(ప్రశ్న: బిగ్‌ఇంట్ వచ్చింది కదండీ, లాంగ్ అంతా దానిలోనే పెట్టేస్తే సరిపోదా?)

ఎంత పెద్ద పూర్ణాంకమైనా పట్టే ఆ టైపు జావాస్క్రిప్ట్ 2020 స్టాండర్డ్‌లో వచ్చింది, మంచి చేర్పు. దానికి హద్దు లేదు కాబట్టి 64 బిట్లకు కత్తిరించడానికి కూడా వేరే ఫంక్షన్ ఇచ్చారు. కంపైలర్లు ఆ దారిలో కదులుతున్నాయి కూడా. అయితే బిగ్‌ఇంట్‌ను మామూలు నంబర్‌తో కలిపితే టైప్ ఎర్రర్. జేసన్‌గా మార్చబోయినా టైప్ ఎర్రర్. నాకైతే ఈ కఠినత్వం నచ్చింది. చప్పుడు లేకుండా అంకె మార్చేయడం కన్నా ఆగి అరవడం మేలు. కానీ మామూలు నంబర్ వేగం దానికి రాదు, లిస్ట్‌లో ఎన్నోదో చెప్పడానికి దాన్ని వాడొద్దు.

(ప్రశ్న: సర్, వెబ్‌అసెంబ్లీ వచ్చాక ఈ గొడవలన్నీ పోయినట్టేనా?)

లోపల పోయినట్టే. అది జావాస్క్రిప్ట్ పక్కనే బ్రౌజర్ నడిపే, మెషిన్‌కు దగ్గరి కోడ్ రూపం. 2017 నుంచి పెద్ద బ్రౌజర్లన్నింటిలో ఉంది, 32 బిట్ల ఇంట్, 64 బిట్ల ఇంట్, ఫ్లోట్, డబుల్, నాలుగూ నిజంగా ఉన్నాయి. గడప దగ్గర మాత్రం జాగ్రత్త. 64 బిట్ల అంకె అక్కడి నుంచి జావాస్క్రిప్ట్‌లోకి వస్తే బిగ్‌ఇంట్‌గా వస్తుంది. అవతల దాన్ని నంబర్‌గా మార్చారంటే మళ్లీ మొదటికొస్తాం.

ఫ్లట్టర్ వాళ్లకు ఇంకో మాట. 2024 నుంచి ఫ్లట్టర్ వెబ్‌ను వెబ్‌అసెంబ్లీగా కూడా కంపైల్ చేసుకోవచ్చు. అప్పుడు ఇంట్ నిజంగా 64 బిట్లు, 1 వేరు 1.0 వేరు. అయితే ఆ బిల్డ్‌లో జావాస్క్రిప్ట్ కాపీ కూడా పక్కనే ఉంటుంది, పాత బ్రౌజర్ వస్తే అది నడుస్తుంది. అంటే ఒకే అడ్రస్, ఒకే కోడ్, ఒకాయన బ్రౌజర్‌లో ఒక లెక్క, పక్కాయన బ్రౌజర్‌లో ఇంకో లెక్క. టెస్టులు రెండింటి మీదా నడపండి. మా టెస్టుల్లో ఇప్పుడు మూడు అంకెలు ఎప్పుడూ ఉంటాయి: 9007199254740991, దానికి రెండు ఎక్కువైన 9007199254740993, ఇంకా మీరు ఇందాక కొట్టిన అంకె. సర్వర్ నుంచి వచ్చినట్టు పంపించి, తిరిగి అదే వస్తోందా లేదా చూస్తాం. మధ్య అంకె జావాస్క్రిప్ట్ గుండా వెళ్తే 992 గా తిరిగొస్తుంది, వెంటనే దొరికిపోతుంది.

(ప్రశ్న: మరి మీ ఆర్డర్ నంబర్లు చివరికి ఎలా సరిచేశారండీ?)

స్ట్రింగ్ చేశాం. ఆర్డర్ నంబర్‌ను మనం కూడం, తీసేయం, గుణించం. అది అంకెల్లో రాసిన పేరు. ఫోన్ నంబర్‌ను ఎవరూ ఇంట్‌గా పెట్టరు కదా, అలాగే. కానీ అప్పటికే కస్టమర్ల ఫోన్లలో ఉన్న పాత యాప్ అంకె కోసమే చూస్తుంది, దాన్ని ఒక్కరోజులో మార్చలేం. అందుకని సర్వర్ వాళ్లను అడిగి పాత ఫీల్డ్ అలాగే ఉంచి, పక్కన స్ట్రింగ్ ఫీల్డ్ ఇంకోటి పెట్టించాం. ఆ సాయంత్రమే సిబ్బంది బ్రౌజర్‌కు కొత్త బిల్డ్ ఇచ్చాం. ఆ అమ్మాయినే పిలిచి మొదటి ఆర్డర్ ఆమె చేతే తెరిపించాం. కస్టమర్‌కు ఫోన్ చేసి అంకె అంకె చదివి సరిచూసుకుంది. పంతొమ్మిదీ కలిశాయి.